శత్రువు ఓడ తెరచాపలు

సూదమ్మ అసలు పేరు రేవులో ఎవరికీ గుర్తులేదు. తెరచాపలు కుట్టే ఆ మనిషి మాట్లాడేటప్పుడు కూడా పెదవుల మధ్య సూది తీయదు కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది. రేవు చివర పొడవాటి షెడ్డులో ఆమే, వాళ్ళ నాన్నే. ముసలాయనకి యుద్ధంలో ఎడమ చెవి పోయింది. మిగిలిన చెవి తనకి నచ్చినవే వినేది.

అవతలి ఒడ్డుతో వాళ్ళ పొత్తు తాతలనాటిది. అక్కడి రాగి ఇక్కడికి, ఇక్కడి నూనె అక్కడికి. తరానికోసారి ఎవరికో పౌరుషం పొడుచుకొచ్చి ఓడలు తగలబెట్టుకునేవాళ్ళు. కొన్నాళ్ళకి దీపాల్లోకి నూనె లేక వాళ్ళూ, వండుకోవడానికి గిన్నెలు లేక వీళ్ళూ మళ్ళీ దారికొచ్చేవాళ్ళు.

సూదమ్మకి ముప్పై దాటాక ఆ తగాదా మళ్ళీ రాజుకుంది. రాగి దింపుతున్న అవతలి ఓడ ఒకటి రేవులోనే చిక్కుకుంది. పారిపోకుండా రేవు అధికారి దాని తెరచాపలు విప్పించి, సూదమ్మ షెడ్డులో పడేయించి, తాళం ఆమె చేతికే ఇచ్చాడు.

మర్నాడు ఆ ఓడలో తెరచాపలు చూసుకునే మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. రేవుల్లో అందరికీ వచ్చిన కలగాపులగం భాషలో, "ఏమండీ, గుడ్డ తడి మీదే మడిచేశారు. ఆరేయకపోతే కుళ్ళిపోతుంది," అన్నాడు.

"కుళ్ళనీ. మనం శత్రువులం కదా!"

"మనం శత్రువులమే, సరే. గుడ్డేం పాపం చేసింది?"

ఆ తడిగుడ్డ ముక్కిన వాసనకి పొద్దుటి నుంచీ సూదమ్మ ప్రాణమే ఉసూరుమంటోంది. తాళం తీసింది. ఇద్దరూ కలిసి గుడ్డ ఆరేశారు. అంచు కుట్టు ఎటు నుంచి ఎటు వేయాలన్న దగ్గర మొదలైన వాదన మధ్యాహ్నం దాకా తెగలేదు. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. ఒకనాడు రాకపోయేసరికి ఆమె వేసిన కుట్లన్నీ వంకరపోయాయి.

ముసలాయన మాత్రం అతన్ని చూస్తే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు.

"పగడాల దిబ్బ దగ్గర మీవాళ్ళని చిత్తుచిత్తుగా ఓడించాం, తెలుసా?"

అతను తెల్లబోయాడు. "గెలిచింది మేం కదండీ! మా ఊళ్ళో దానికి రాతి స్తంభం కూడా ఎత్తారు."

"స్తంభమా!" ముసలాయనకి ఆ పూట అన్నం సయించలేదు.

చివరికి రెండు ఒడ్లూ విసిగిపోయి రాజీకొచ్చాయి. వేరే రేవుల్లో చిక్కుకున్న ఓడల తెరచాపలు మూలన పడి చీకిపోయాయి. ఈ ఓడవి మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి కాబట్టి ముందుగా బయలుదేరేది ఇదేనన్నారు. అతను వచ్చి, తాడు కొసని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "మీరూ వస్తారా, నాతో?" అన్నాడు.

సూదమ్మ పెదవుల మధ్య నుంచి సూది తీసింది. "రావాలనే ఉంది. నాన్ననేం చేయను?"

"నన్నేం చేస్తావ్?" నచ్చిన మాట కదా, ముసలాయనకి ఇట్టే వినపడింది. "అందరికంటే ముందు నేనెక్కుతా. ఆ అబద్ధాల స్తంభం సంగతి తేల్చాలి!"

అవతలి రేవులో దిగీ దిగగానే ఆయన స్తంభం దగ్గరికి పరుగులాంటి నడక నడిచాడు. దాని నీడలో కర్రకాలు చాపుకుని ఒక తాత కూర్చున్నాడు. ఆయనా ఆ యుద్ధం చేసినవాడే. ఇంకేముంది, ఇద్దరూ ఇసుకలో ఓడలు గీసుకుంటూ అరుచుకోవడం మొదలెట్టారు. ఉన్నట్టుండి కర్రకాలి తాత ఆగాడు.

"ఆ రోజు గాలివాన వచ్చింది కదూ? మేం వెనక్కి తిరిగేశాం."

"మీరూనా?" ముసలాయన నోరు తెరిచాడు. "మేమూ తిరిగేశాం!"

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. స్తంభం సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా పెట్టుకున్నారు.

ఆ నెలలోనే పెళ్ళయింది. సూదమ్మ అత్తగారు కూడా తెరచాపలు కుట్టే మనిషే. మొదటి రోజు కోడలు గుడ్డ కత్తిరిస్తుంటే వెనకే నిలబడి, "మా ఒడ్డున ఇలా కత్తిరించరమ్మా," అంది.

"నాకు వచ్చింది ఇదే అత్తయ్యా. మీ పద్ధతి చూపించండి. బాగుంటే మార్చుకుంటా."

"బాగుండకపోతే?"

"మీరు మార్చుకోండి."

అత్తగారు కిసుక్కున నవ్వి, పీట లాక్కుని కోడలి పక్కన కూర్చుంది.