రెండు మోటార్ల రైలు

మా బావ ముప్ఫై ఏళ్ళు లిఫ్టు మెకానిక్. ఆయన బాగుచేసిన లిఫ్టులో మూడో అంతస్తుకని ఎక్కినవాడు ఆరో అంతస్తు అమ్మాయితో పెళ్ళి కుదుర్చుకుని దిగాడంటే ఎవరూ నమ్మరు. మోకాలు దెబ్బతిని ఆ పని పోయాక, బొమ్మ ఇటుకలతో రైళ్ళు కట్టి, వాటికి చిన్న మోటార్లు బిగించడం మొదలుపెట్టాడు. అది చూసిన బొమ్మల దుకాణం యజమాని, తన అద్దాల అరలో రైలు వంతెన ఎక్కి దిగితే ఉద్యోగం ఇస్తానన్నాడు. దుకాణం తెరిచే ఉదయం పది గంటల వరకే గడువు. బావకు తోడుగా అక్కా, నేనూ వెళ్ళాం.

తొమ్మిది నలభైకి రైలు వంతెన సగంలో చతికిలబడింది. బావ రైలు చివర మోటారున్న ఇంకో ఇంజను తగిలించాడు. ఈసారి రైలు అంగుళం కూడా కదల్లేదు, వణికింది. కాలిన వాసన వచ్చింది.

"పది కొడితే షట్టర్ ఎత్తేస్తానండీ," అన్నాడు యజమాని.

"ముందు ఆపండి," అంది అక్క బావతో. "ముందుది అటు, వెనకది ఇటు లాగుతున్నాయి. మీ అన్నదమ్ములు మంచం మోసినట్టుంది."

బావ నాలుక కరుచుకున్నాడు. రెండు చివరలా ఇంజను ముఖాలుంటే అందమని వెనకదాన్ని తిరగేసి పెట్టాడు. ఇప్పుడు దాన్ని ఊడదీసి తిప్పి పెట్టాడు. స్విచ్ వేశాడు. రైలు మెల్లగా వంతెనెక్కి, అవతలికి దిగింది.

"వెనక ఇంజను పెట్టెల కేసి చూస్తోందేంటి?" అన్నాడు యజమాని.

"టికెట్ లేనివాళ్ళ కోసం," అన్నాను నేను.

ఆయన నవ్వలేదు. "రేపు తొమ్మిదికి పనిలోకి రండి," అన్నాడు బావతో.