దీపాల వేళ ఎనిమిదో మెట్టు

మా తోడికోడలు రాజరాజేశ్వరికి ప్రశ్నలడగడం పుట్టుకతో వచ్చిన జబ్బు. కాకుమాను బడిపంతులు గారి అమ్మాయి. బస్సులో పక్కన కూర్చున్న మనిషి దిగేలోపు వాళ్ల ఊరు, పంట, కోడలి గుణం అన్నీ రాబట్టేది. "నీకెందుకక్కయ్యా అవన్నీ?" అంటే, "తెలుసుకుంటే ఏం పోయిందే?" అనేది. తెనాలిలో మా అత్తవారింట ఆమె పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. ఆమె భర్త, మా బావగారు శేషగిరి గారు, గుడి అర్చకులు. స్వామికి నైవేద్యం రోజూ పొద్దున మా ఇంటినుంచే వెళ్లాలి. దాన్ని పెద్దకోడలు మడి కట్టుకుని వండాలి. అలా ఆ వంటింట్లోనే ఏళ్లు గడిపేసింది పాపం. ప్రశ్నలు అడగడానికి అక్కడ నేను తప్ప ఎవరున్నారు? నేనేమో రెండో ప్రశ్నకే విసుక్కునేదాన్ని.

గల్ఫులో యుద్ధం జరుగుతున్న ఆ చలికాలంలో, అంటే తొంభై ఒకటిలో, ఆమె జబ్బుకు తగ్గ ఉద్యోగం దొరికింది. హైదరాబాదు సంస్థ ఒకటి ఇంటింటికీ మనుషుల్ని పంపి జనం ఏమనుకుంటున్నారో అడిగిస్తోంది. చదువుకున్న ఆడవాళ్లు కావాలన్నారు. అక్కయ్య ప్రైవేటుగా పరీక్షలు కట్టి బి.ఏ. పాసైంది. బావగారు అతికష్టం మీద ఒప్పుకున్నారు. "నైవేద్యానికీ, మధ్యాహ్నం భోజనాలకీ లోటు రాకూడదు. నలుగురిలో మాట వచ్చిందా, ఆ రోజుతో సరి" అన్నారు.

ఆమెకి రేపల్లె ఇచ్చారు. మధ్యాహ్నం అందరికీ వడ్డించి, ప్యాసింజరు బండెక్కి, మగవాళ్లు పనులనుంచి ఇళ్లకు చేరే వేళకి ఆ వీధుల్లో ఉండేది. చేతిలో నిచ్చెన బొమ్మ వేసిన అట్టముక్క. "పై మెట్టు మీద అన్ని విధాలా బాగున్నవాళ్లుంటారు, అడుగు మెట్టు మీద ఏ సుఖమూ లేనివాళ్లుంటారు. పది మెట్లలో మీరెక్కడున్నారు?" అని అడగాలి. చేస్తున్న పని తృప్తిగా ఉందా, ప్రపంచంలో యుద్ధాలు పెరుగుతాయా తగ్గుతాయా, ఇలాంటివే మరికొన్ని.

"రమణీ, రేపల్లెలో అందరూ ఏడూ ఎనిమిదీ అంటున్నారే. యుద్ధాలు తగ్గిపోతాయట" అంది ఒకరోజు పప్పు కలుపుతూ.

"మరి తెనాలి వాళ్లకేం రోగం?" అన్నాను. యుద్ధం మొదలయ్యాక మా వీధి చివర రేషను షాపు ముందు కిరోసిన్ డబ్బాల వరస సందు మలుపు దాకా ఉండేది. ఆమెకూ అదే ఆశ్చర్యం. రేపల్లెలోనూ అంతే పెద్ద వరస చూశానని, అయినా వీళ్లంతా ఇంత సుఖంగా ఎలా ఉన్నారో అంతుపట్టడం లేదని అంది. పప్పు అడుగంటినా చూసుకోలేదు.

తర్వాతి వారం బాపట్లనుంచి హనుమంతరావు గారొచ్చారు. ఆ సంస్థ సూపర్‌వైజరు. కొన్ని ఇళ్లకు మళ్లీ వెళ్లి సరిచూడటం ఆయన పని. పొద్దున బస్సుకి రేపల్లె వెళ్లి, అక్కయ్య అడిగిన ఇళ్లలోనే అవే ప్రశ్నలు అడిగారట. ఎనిమిదో మెట్టువాళ్లు మూడుకి దిగిపోయారు.

"చెప్పడానికి బాధగానే ఉందమ్మా" అన్నారు మా అరుగు మీద కూర్చుని. "ఇవన్నీ ఇంట్లో కూర్చుని రాసినట్టున్నాయి."

ఆమె రోజూ బండెక్కడం నేను చూశానండీ అన్నాను. ఆయన చిన్నగా నవ్వారు. ఎలుకకు పిల్లి సాక్ష్యం అనుకుని ఉంటారు. నాకు ఒళ్లు మండింది. ఈలోగా లోపలినుంచి బావగారి గొంతు వినిపించింది. "ఇంక చాలు. ఆ కాగితాలు ఆయనకిచ్చేసి లోపలికి రా."

అక్కయ్య మొహం పాలిపోయింది. ఇప్పుడు లోపలికి వెళ్తే మళ్లీ గడప దాటనివ్వరని ఆమెకు తెలుసు. పైగా అబద్ధాలకోరన్న పేరొకటి. "ఒక్కసారి నేను వెళ్లే వేళకి నాతో రండి సార్" అంది. "అప్పుడూ మూడంటే నేనే మానేస్తాను."

పరాయి మగవాడితో ఒంటరిగా ఎలా వెళ్తుందని నన్ను తోడు పంపారు. ముగ్గురం రేపల్లెలో దిగి, ఆ ఇళ్లలో ఒకటైన రావమ్మ ఇంటికి వెళ్లాం. ఆవిడ పొద్దున పూట ఇంటి ముందు ఇడ్లీలు అమ్ముతుంది. భర్త బ్రహ్మయ్య రైసు మిల్లులో బస్తాలు మోస్తాడు. అప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టి బయటికొచ్చింది. ఈసారి హనుమంతరావు గారే అట్టముక్క చూపించి అడిగారు.

"ఎనిమిది బాబూ" అంది రావమ్మ.

"పొద్దున నాతో మూడన్నావు కదమ్మా. ఎక్కడో గల్ఫులో వాళ్లు కొట్టుకుంటే నా స్టవ్వు ఆరిపోయిందన్నావు."

"పొద్దున చెప్పింది ఉన్న మాట. ఇది కావాల్సిన మాట" అంది ఆవిడ, అదేం ప్రశ్న అన్నట్టు. "దీపాలు పెట్టే వేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారు కదండీ. మూడంటే మూడులోనే ఉంచేస్తారు. ఆ యుద్ధం మాట కూడా ఇప్పుడెత్తకండి."

మేం ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. మాకెందుకు తట్టలేదో చెప్తే సిగ్గుచేటు. అర్చకుల ఇంటి కోడళ్లం. దీపం పెట్టాక ఉప్పు లేదని కూడా నోటితో అనం. హనుమంతరావు గారి అమ్మగారూ అనేవారు కాదట. పుట్టినప్పటినుంచీ పాటిస్తున్నదే కాబట్టి అదొక నియమమని మాకెవరికీ గుర్తే రాలేదు.

స్టేషన్లో ఆయన అన్నారు. "తప్పు నాదేనమ్మా, మీరు రాసిందంతా నిజమే. కానీ ఆఫీసుకి ఉన్న మాట కావాలి. ఆ ఇళ్లన్నీ మళ్లీ పొద్దున పూట తిరగాలి. మీరు రాగలరా? లేకపోతే ఇంకొకరిని చూసుకోవాలి."

పొద్దున అంటే నైవేద్యం వేళ. కుదరదని నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు. పడమట ఇంకా కాస్త ఎరుపు మిగిలే ఉంది.

"వస్తాను సార్" అంది.

ఇంటికెళ్లాక బావగారు అడిగారు. "ఎవరినడిగి ఒప్పుకున్నావ్?"

"దీపాల వేళ నోటినుంచి వచ్చేసిందండి. ఇప్పుడు కాదంటే ఎలా?" అంది నెమ్మదిగా. "నైవేద్యం రమణి వండుతుంది."

గుడికొచ్చిన వాళ్లందరికీ ఆ వేళ అశుభం పలకొద్దని చెప్పే మనిషాయన. చెంబు అందుకుని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

మర్నాడు తడి చీరతో వణుకుతూ పొయ్యి ముందు కూర్చున్నాను. పొగకి కళ్లు మండుతున్నాయి. అక్కయ్య సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"వెళ్లేముందు నువ్వే మెట్టు మీదున్నావో చెప్పి వెళ్లు. ఇది పొద్దున, అబద్ధం చెల్లదు" అన్నాను ఉక్రోషంగా.

ఆమె నిజంగానే ఆలోచించింది. "ఏడు" అంది. ఆ మొహం చూస్తే నమ్మకుండా ఉండలేకపోయాను. సంతోషం వేసింది, కుళ్లూ వేసింది. తర్వాత ఆమె సంచిలోంచి నిచ్చెన అట్టముక్క తీసి, మడి కదా, నాకు తగలకుండా దూరంనుంచే పట్టి చూపించింది.

"మరి నువ్వు?"

కాపురానికి వచ్చాక ఆ మాట నన్నెవరూ అడగలేదు. పొయ్యిలోకి ఇంకో పుల్ల తోశాను. ఆమె బండి వేళ మరిచిపోయి జవాబు కోసం చూస్తోంది.

"సాయంత్రం చెబుతాలే" అన్నాను.