హెడ్డు కోసం పొదిలి దాకా

మా అమ్మ చిలకలూరిపేటలో డాక్టరు. చుట్టుపక్కల ఊళ్లలో కాన్పులకి తన నల్ల కారు తనే నడుపుకుంటూ వెళ్లేది. అమ్మ పోయాక ఆ కారు గుంటూరులో మా అన్నయ్య షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయింది. 2003లో ఆ షెడ్డు పడగొట్టి గదులు వెయ్యాలని అన్నయ్యకి బుద్ధి పుట్టింది. బండి కాగితాలు వాడి పేరు మీదే ఉన్నాయి. "ఆదివారం సాయంత్రానికి స్టార్టయితే నీ ఇంటికి తోలుకుపో. లేదంటే సోమవారం తుక్కువాడొస్తాడు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ వస్తువుల్లో నేను కావాలనుకున్నది అదొక్కటే.

మెకానిక్ మస్తాన్ ఇంజను విప్పి చూస్తే హెడ్డుకి, అంటే ఇంజను పైన మూతలా బిగించే ఇనప దిమ్మకి, పగులు కనిపించింది. వెల్డింగు పెట్టిస్తే కొంతసేపు నిలిచేది, ఇంజను బాగా వేడెక్కగానే మళ్లీ నీళ్లు కారేవి. ఆ మోడలు కారు తయారీ ఆగిపోయి ఎన్నాళ్లయిందో! బెజవాడ, మద్రాసు అన్నీ అడిగించాం, ఎక్కడా లేదు. గురువారం సాయంత్రం ఒక పత్తి లారీ డ్రైవరు చెప్పాడు: పొదిలి అవతల ఒక రైతు సరిగ్గా అలాంటి కారు ఇంజనుతోనే బావి నీళ్లు తోడుతున్నాడట. కొలతకి ఉంటుందని మస్తాన్ మా పగిలిన హెడ్డుని గోనెసంచిలో చుట్టాడు. పొద్దున్నే బయల్దేరాం.

అటు వెళ్లేవాళ్ల కోసం దారి చెబుతాను. గుంటూరు బస్టాండులో తెల్లవారుజామునే ఎక్కితే గంటలో చిలకలూరిపేట. అక్కడ మిల్లుల దగ్గర పత్తి లారీలు అడ్డం తిరిగాయంటే మాత్రం ఆ గంట రెండవుతుంది, మాకు అయింది. అక్కడి నుంచి అద్దంకి, దర్శి మీదుగా పొదిలి. ఇద్దరికీ టిక్కెట్లు వందకి కాస్త అటూ ఇటూ. సంచిని చూసి కండక్టరు "లగేజీ కొట్టాలి" అన్నాడు. "ఒళ్లో పెట్టుకుంటానయ్యా, పసిబిడ్డనుకో" అని మస్తాన్ దర్శి దాకా దాన్ని నిజంగానే ఒళ్లో మోశాడు. పొదిలిలో దిగేసరికి పదకొండు దాటింది. ఊరి బయటికి ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ మాట్లాడుకోండి. తిరుగు బేరం ఉండదు కాబట్టి వాళ్లు ఆగరు.

పొలం చేరకముందే చప్పుడు వినిపించింది. మస్తాన్ ఆటోలోంచి సగం బయటికి వంగి, "అదే మేడం, మన ఇంజనే!" అని అరిచాడు. కాపు మీదున్న మిరప తోట, పక్కన బావి, గట్టు మీద రేకుల పంచ కింద ఆ ఇంజను. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. రైతు కోటయ్య గారు మా కథంతా విని తల గోక్కున్నారు.

"కరెంటు మోటారుకి డబ్బు కట్టానమ్మా. లైను ఎండాకాలానికి గానీ రాదంట. అప్పుడు రండి, ఇంజను మొత్తం పట్టుకపోదురు గాని. ఇప్పుడిస్తే నా తోట ఏం కావాల? ఇంకా రెండు తడులు పెట్టాల."

ఎండాకాలానికి మా కారు తుక్కయిపోతుంది. మస్తాన్ ఇంజను మీద చెయ్యి పెట్టి చూసి, "బాబాయ్, నీ ఇంజను బావి నీళ్లతో చల్లబడుతోంది, అసలు వేడే లేదు. మా హెడ్డు దీనికి బిగిస్తా. కారులో అయితే నిలవదు గానీ ఇక్కడ రెండు తడులు లాగుద్ది. నీళ్లు కారితే నీది నీకు బిగించి పోతాం" అన్నాడు. కోటయ్య గారు మెత్తబడుతుండగా ఆయన భార్య ఆదిలక్ష్మి గారు చేలోంచి గట్టెక్కారు.

"ఏందయ్యా, మతుండే మాట్లాడతన్నావా? శుక్కరారం పూట లక్ష్మిని గడప దాటిస్తావా? రేపు రమ్మను."

పొద్దున్నే లేచి బస్సెక్కామే గానీ ఆ రోజు శుక్రవారమని ఇద్దరికీ తట్టలేదు. ఆ రోజు మా ఇంట్లో కూడా పంచదార అప్పివ్వరు! రేపు అంటే శనివారం, పొదిలి నుంచి చేరేసరికి సాయంత్రం. హెడ్డు అడుగు సాపు చేయించకుండా కారుకి బిగించకూడదు, లేతు షాపు శనివారం మధ్యాహ్నం మూస్తే మళ్లీ సోమవారమే. ఆ సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ వినలేదు. సిగ్గు విడిచి ఏడ్చేశాను కూడా. ఆవిడ గోనెసంచి వంక చూసి, "ఆ సంచిలో ఏందమ్మా?" అన్నారు.

చూపించాం.

"అయితే ముందు మీది మా గట్టెక్కనీండి. ఇంటికి ఒకటి వచ్చాక ఒకటి పోతే తప్పు లేదు" అన్నారావిడ. చెంబుతో నీళ్లు తెచ్చి, మా పగిలిన హెడ్డుకి పసుపు రాసి, కొత్త కోడలికి చేసినట్టు బొట్టు పెట్టారు. అప్పుడు గానీ ఇంజను ఆపనివ్వలేదు.

చప్పుడు ఆగగానే కాలవలో నీళ్లు ఆగిపోయాయి. తోట సగమే తడిసింది. మస్తాన్ తుప్పు పట్టిన నట్లకి కిరసనాయిలు పోస్తూ ఒక్కొక్కటే విప్పాడు. ఒకటి విరిగిందా, మా కారూ పోయింది, వాళ్ల తోటా పోయింది. చివరిది ఎంతకీ కదల్లేదు. మస్తాన్ ఆగి, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుని, మళ్లీ లాగాడు. కిర్రుమని వదిలింది. మా హెడ్డు బిగించి హ్యాండిల్ తిప్పితే రెండుసార్లు తుమ్మి ఊరుకుంది. మూడోసారి అందుకుంది. నలుగురం పగులు దగ్గర వంగి చూస్తూ కూర్చున్నాం. తడి కనిపించలేదు. కాలవలో మళ్లీ నీళ్లు పారాయి. కోటయ్య గారు డబ్బూ, నా ఆఫీసు ఫోన్ నంబరు రాసిన చీటీ తీసుకుంటూ, "మళ్లీ ఆగిందంటే నీ కోసం గుంటూరొస్తా అబ్బాయ్" అన్నారు. నవ్వుతూ అనలేదు.

చివరి బస్సు అందుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం కారు స్టార్టయింది, అన్నయ్య గేటు తీశాడు. నేనే నడుపుకుంటూ ఇంటికొచ్చాను. అమ్మ సీట్లో కూర్చున్నానన్న సంతోషం మాత్రం రాలేదు. ఎర్రటి సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా ఆ మిరప తోటే గుర్తొచ్చేది. ఒక పాత బండి కోసం ఎవరి పంటనో పణం పెట్టి వచ్చాననిపించి ఎన్నో రాత్రులు నిద్ర పట్టలేదు. పాత బండ్ల సామాన్ల కోసం మీరూ ఇలా పల్లెలకి వెళ్లేట్టయితే శుక్రవారం మాత్రం వెళ్లకండి, విరిగిన ముక్కని వెంట తీసుకెళ్లడం మరవకండి.

మిరప కోతలప్పుడు పొదిలి ఎస్టీడీ బూతు నుంచి నా ఆఫీసుకి ఫోనొచ్చింది. ఆదిలక్ష్మి గారు. దూరం కదా అని గట్టిగా అరుస్తున్నారు. "రెండు తడులూ అయినయ్యమ్మా! కాయ బాగుంది. మీ అమ్మ ముక్క మాట దక్కించింది."

ఆ సాయంత్రం కారు తీసుకుని చిలకలూరిపేట దాకా వెళ్లి వచ్చాను.