ఉప్పు చెరువు కాడ బాపును అడిగిన మాట

మా మామ రిసార్టుకు తోల్కపోత అన్ననాడు, రిసార్టంటే ఏందో మా ఇంట్ల ఎవ్వలకు తెల్వదు. మామంటే మా అవ్వ తమ్ముడు, ధామన్కర్ నాకా కాడ నూలు దుకాణం ఉంటుండె. ఆయనకన్న తెలుసనుకున్నం. ఆయనకు గూడ తెల్వదని ఆడికి పోయినంక సమజైంది. "కాశేలి దాటినంక ఖాడీ, అదే సముద్రపు పాయ, దాని పక్కపొంటి ఉప్పు చెరువున్నది. దాని ఒడ్డుకు కట్టిన్రు. పొద్దంత ఉండొచ్చు, నీళ్లల్ల ఆడొచ్చు" అన్నడు. ఉప్పునీళ్లల్ల ఆడుడేంది, ఒళ్లు దురద వెట్టదా అని అవ్వ అడిగింది. "అక్కా, పెద్ద పెద్దోళ్లు పైసలిచ్చి మరీ పోతున్నరు" అన్నడు. ఎందుకు పోతున్నరో మాత్రం చెప్పలే.

నాకు ఆ చెరువుతోని పని లేదు, నా పని వేరే. ఆ ఏడు నేను బారవీ, అంటే పన్నెండో తరగతి, పాసైన. పంతులమ్మ కావాలని నాకు పానం కొట్టుకుంటుండె. ట్రైనింగ్ సీటు నాసిక్‌ల వస్తదన్నరు, రెండేండ్లు హాస్టల్ల ఉండాలె. ఫారం మీద బాపు సంతకం గావాలె, సోమవారం ఆఖరు. మా గల్లీల నా ఈడు పిల్లలంత ఇంట్ల కండెలు చుట్టుకుంట పెండ్లి కోసం చూస్తున్నరు. ఒక్క పిల్ల గూడ ఊరు దాటి పోలే. "నీ బాపును నువ్వే అడుగు, నేనడిగితే నా మీదికి లేస్తడు" అని అవ్వ చేతులు దులుపుకున్నది.

అడుగుడు ఎట్ల? మేం బతుకుదెరువుకు వచ్చి ఉండేది మరాఠోళ్ల దిక్కు, కామత్‌ఘర్‌ల, కార్ఖానా మీద రేకుల అర్ర. కింద ఇరువై నాలుగు సాంచాలు, బట్ట నేసే మిషన్లు, రాత్రింబవళ్లు కొట్టుకుంటుండె. గోడలు వణుకుతుండె, గ్లాసుల చాయ్ గూడ వణుకుతుండె. మా ఇంట్ల నోటితోని మాట్లాడుడు తక్కువ. పెదవులు చూసి తెలుసుకునుడు, చేతులతోని చెప్పుడు. అన్నానికో సైగ, నీళ్లకో సైగ, కార్ఖానా శేటు వచ్చిండంటే మీసం మీద వేలు. నాసిక్‌కు, హాస్టల్‌కు సైగ యాడికెల్లి తేవాలె? పెదవులతోని చెప్పాలంటే బాపు కండ్లల్ల కండ్లు వెట్టాలె. మొకం తిప్పితే మాట తెగిపోతది. ఆయన కండ్లల్లకు చూసి అడిగే ధైర్నం నాకు లేకుండె. అందుకే రిసార్టంటే నేను ఎగిరి గంతేసిన. ఆడ సప్పుడుండదు గదా, మొకం చూడకుంటనే పక్కకు కూసోని నోటితోని అడగొచ్చు అనుకున్న.

సాంచాలకు శుక్రవారం సుట్టి. ఆ శుక్రవారం మామ టెంపో మాట్లాడిండు. మా బాపు జాబరు, అంటే సాంచాలకు రోగమొస్తే బాగుచేసేటాయన. సుట్టినాడు గూడ ఆయన జేబుల పానా ఉంటది.

గేటు కాడనే మొదటి తకరారు. బయటి తిండి లోపటికి తేవద్దట! అవ్వ తెల్లారగట్ల లేసి చేసిన పులిహోర, కోడికూర గేటోని బల్ల మీద పెట్టిచ్చిన్రు. ఆఖరికి మామ బతిమాలితే బయట చింతచెట్టు కింద తినుమన్నరు. తర్వాత నైలాన్ బట్టలు వేసుకోంది నీళ్లల్లకు దిగొద్దట. బాపు మోకాళ్ల మీదికి నైలాన్ చెడ్డీ ఏసుకొని వస్తే అవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది. నీళ్లు మోకాటి లోతు, నోట్లె పడితే కడుపుల తిప్పుతది. అండ్ల మునిగి, మల్ల మంచినీళ్ల నల్ల కింద ఉప్పు కడుక్కోవాలె, దానికి వేరే లైను. "ఇంతకు మనం ఈడ ఏం జెయ్యాలె తమ్మీ?" అని అవ్వ మామను అడిగింది. "ఎంజాయ్ చెయ్యాలె" అన్నడు మామ. ఎట్ల చేస్తరో ఎవ్వలం అడగలే.

మేం మాట్లాడుతుంటే పక్కోళ్లు తిరిగి తిరిగి చూస్తుండిరి. మేం లొల్లి పెట్టుకుంటున్నమనుకున్నట్టున్నరు. అది మా మామూలు గొంతే.

బాపు మాత్రం ఉలుకు లేదు, పలుకు లేదు. మామ ఎనుకకెల్లి "ఏం బావా, ఈత వస్తదా, పట్టుకోవాల్నా?" అని నవ్వులాడిండు. బాపు తిరిగి గూడ చూడలే. "అలిగిండు. బామ్మర్ది పైసలు పెట్టిండని ఆయనకు నామోషీ" అని అవ్వ నా చెవుల చెప్పింది. అయ్యో, ఇయ్యాల్నే అలగాల్నా ఈయన అనుకున్న.

బాపు ఒక్కడే పోయి ఒడ్డు మీది బండ మీద కూసున్నడు, కాళ్లు నీళ్లల్ల పెట్టుకొని. ఇదే సందని పోయి ఆయన ఎనుక ఒక మూరెడు దూరంల కూసున్న. ఆయన ఈపు దిక్కు చూసుకుంట మొదలువెట్టిన.

"బాపు, నేను పంతులమ్మ ట్రైనింగుకు పోత. నాసిక్‌ల. హాస్టల్ల ఆడివిల్లలే ఉంటరు. రెండేండ్లే. నీ పేరు చెడగొట్ట, నీ ఒట్టు. ఒక్క సంతకం పెట్టు బాపు."

నా జన్మల అంత పొడుగు మాట ఆయనతోని మాట్లాడలే. బాపు నీళ్లు చూస్తనే ఉన్నడు. కొంచెంసేపటికి లేసిండు, కాళ్లు దులుపుకున్నడు, నా దిక్కు గూడ చూడకుంట గట్టుపొంటి పోయిండు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాదంటే కాదను, తిట్టు, ఒక్కటి పీకు. కుక్క పక్కకు కూసున్నా ఒకసారన్న చూస్తరు గదా! బట్టలు మార్చుకునే అర్రల్లకు పోయి, తలుపేసుకొని ఏడ్చిన. ఇగ అయిపోయింది, నా బతుకు గూడ కండెలు చుట్టుడే అనుకున్న.

చింతచెట్టు కింద తినుడైనంక బాపు మల్ల గట్టు మీదికి పోయిండు. ఒక కాడ ఎర్రతాడు కట్టి ఉన్నది. అవుతల పాత ఉప్పు మళ్ల బురద, కాలు పెడితే నడుముల దాక దిగుతదట. బాపు తాడు ఎత్తి కిందికెల్లి దూరిండు. రిసార్టాయన సీటీ కొట్టిండు. మల్ల కొట్టిండు. "ఓ కాకా! రుకో!" అని అరుసుకుంట ఉరికిండు. మామ అరిసిండు, నేనరిసిన. బాపు ముందుకే పోతున్నడు.

"ఏం మనిషమ్మా, చెవిటోని ముంగట శంఖమూదినట్టే ఉంటది ఈయనతోని!" అని అవ్వ నెత్తి కొట్టుకున్నది.

ఆ మాట అవ్వ దినాం అనేదే. ఆ దినం మాత్రం నేను నిలవడ్డకాన్నే నిలవడిపోయిన.

రిసార్టాయన ఎనుకకెల్లి బుజం పట్టుకుంటే బాపు ఉలిక్కిపడి తిరిగిండు. మేం యాభై అడుగుల దూరంల ఉన్నం. అవ్వ గొంతు పోయి, ఉత్తగ పెదవులు కదిపింది, బురద, ఎనుకకు రా అని. బాపుకు ఠక్కున సమజైంది. తల ఊపి వచ్చిండు. అయిదడుగుల కాడ సీటీ కొడితే తెల్వలే, యాభై అడుగుల కాడ పెదవులు కదిలితే తెలిసింది. ఇదేం కత? బాపు చెట్టు కింద అటు దిక్కు మొకం పెట్టి కూసున్నంక, ఆయన ఎనుకకు పోయి స్టీలు గిన్నె మూత బండ మీద ఇడిసిపెట్టిన. అవ్వ దిగ్గున లేసింది. మామ "అరేయ్" అన్నడు. బాపు పండ్లల్ల పుల్ల పెట్టుకుంటనే ఉన్నడు.

అవ్వ, మామ చెయ్యి కడుక్కోను పోయిన్రు. నేను బాపు ముంగటికి వచ్చి కూసున్న. కండ్లల్లకు చూసిన. గొంతు తియ్యకుంట, "ఇనవడ్తలేదా?" అన్న.

బాపు అటిటు చూసిండు. "ఎడమది నాలుగేండ్లాయె. కుడిది దసరా సంది" అన్నడు.

"అవ్వకు?"

"ఎవ్వలకు తెల్వదు. సాంచా సప్పుడు ఇని దాని రోగం చెప్పేటోడే జాబరు. నేను చెయ్యి పెట్టి చూసుకుంట నెట్టుకొస్తున్న. శేటుకు తెలిస్తే తెల్లారి రావద్దంటడు."

అంటే పొద్దున నేను చెప్పింది ఒక్క ముక్క గూడ ఆయనకు చేరలే. అలగలే, కాదనలే. నాకు నవ్వు రావాల్నో ఏడుపు రావాల్నో తెల్వలే. ఆయనకేమో ఇంత కష్టం, నాకేమో నా ఫారం రంది. అయినా అడిగిన, సిగ్గులేక అడిగిన. నాసిక్, హాస్టల్, రెండేండ్లు, సంతకం. బాపు నా పెదవుల మీదికెల్లి కండ్లు తియ్యలే.

"పో. సంతకం పెడత" అన్నడు. సంతోషం ఇంకా నా మొకం మీదికి రాకముందే నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. "నువ్వు మాత్రం ఎవ్వలకు చెప్పకు బిడ్డా."

తల ఊపిన. ఆయన సంతకం పెట్టిండు. నేను చదువుకున్న, పంతులమ్మనైన, జీతం తీసుకున్న. మాట గూడ నిలబెట్టుకున్న, అవ్వకు సుత చెప్పలే. గని ఒక్కటి మాత్రం నాకు ఎన్నడు తెగలే. ఆయన పో అన్నది నా మీది ప్రేమతోనా, నా నోరు మూయించనీకా? ఆ పొద్దున చెవులు బాగుండి నా మాట ఇని ఉంటే ఏమంటుండె?

ఏండ్లు గడిచి, బాపు పని ఇడిసిపెట్టినంక, ఆయన చెవుల సంగతి అందరికి తెలిసినంక, ఒకనాడు ఎదురుంగ కూసోని అడిగిన. నిమ్మలంగ, పెదవులు మంచిగ కదిపి అడిగిన. "ఆ దినం చెరువు కాడ నేను చెప్తనని భయపడే సరే అన్నవా బాపు?"

బాపు నా పెదవులే చూసిండు. ఆఖరి మాట దాక చూసిండు. కండ్లు కిందికేసిండు.

"ఇనవడలే బిడ్డా" అన్నడు.