మ్యాపులో లేని పలకరాయి

మార్చి నెలలో ఒక పొద్దున కొల్మాన్ సముద్రపు నత్తలు ఏరడానికి నీళ్ళ నడుమ రాళ్ళ మీదికి వెళ్ళి, పడవ తాడును ఒక రాయికి చుట్టాడు. నత్తలు రాళ్ళ అడుగునే ఎక్కువ ఉంటాయి కనుక, కాసేపటికి ఆ రాయినే ఎత్తి చూశాడు. నత్తలు దొరికాయి. పడవ వెళ్ళిపోయింది.

అతని భార్య సైవ్ ఇరవై ఎనిమిదేళ్ళుగా మా ఊరి పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుంటోంది. ఫోన్ మోగేసరికి ఎవరో ముసలాయన పింఛను కాగితం మీద ముద్ర వేస్తోంది.

"పడవ పోయింది సైవ్. ల్యాక్ మీదున్నా. నీళ్ళు ఎక్కు..."

అంతే, తెగిపోయింది. ముద్ర కాగితం మీద కాక ఆ ముసలాయన చేతి మీద పడింది.

బయట పొగమంచు. పోటు మొదలై అప్పటికే గంట. రక్షణ పడవ రావాలంటే ఇంకో గంటన్నర. రేవులో ఉన్నది ఫింటన్ పడవ ఒక్కటే, అతనేమో డబ్లిన్ నుంచి వచ్చి రెండేళ్ళు. పడవ ఎక్కితే సైవ్‌కి వాంతులు. పెళ్ళయ్యాక ఎక్కిందే లేదు. ఆ రోజు ఎక్కింది, ముద్ర చేత్తో పట్టుకునే.

"పెద్ద రాయి దగ్గరికి పోదాం," అన్నాడు ఫింటన్ పడవలోని మ్యాపు తెర చూస్తూ. "బుద్ధున్నవాడెవడైనా దాని మీదికే ఎక్కుతాడు."

"బుద్ధున్నవాడు పడవ పోగొట్టుకుంటాడా! అది కారిగ్. పోటొచ్చినా తల పైకే ఉంటుంది. ఇవతలది క్లోఖ్, ఒంటి రాయి, నిలబడ్డానికి చోటుండదు. ల్యాక్ అంటే మా భాషలో పలక. రొట్టె పీటలా పరుచుకుని ఉంటుంది. అన్నిటికంటే ముందు మునిగేది అదే."

"తెర మీద ఆ రెండే ఉన్నాయి. రెండిటికీ రాయి అనే రాసుంది. మరి మీ పలక ఎక్కడ?"

సైవ్ తండ్రి పీతల బుట్టలు వేసేవాడు. కొడుకుల్లేక ఆమెనే పడవలో కూర్చోబెట్టుకుని, ప్రతి రాయి దగ్గరా పేరు చెప్పించేవాడు. తప్పు చెబితే పడవ తిప్పి మళ్ళీ మొదటి రాయి నుంచి. ఆమె కక్కుకుంటూ నేర్చుకుంది. ఇప్పుడు అవే పేర్లు వరసగా గొణుగుతోంది. ఒకదాని దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదటి రాయి నుంచి ఎత్తుకుంది.

"కారిగ్‌ని ఎడమకి వదిలెయ్. క్లోఖ్ వైపు సగం దూరం."

"అక్కడ లోతెంతో తెలీదు. పడవ అడుగు చీలిందంటే అందరం పోతాం!"

"నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా. పోనీ."

ఇంజను తగ్గించి పోనిచ్చాడు. పిలిచారు. మళ్ళీ పిలిచారు. పొగమంచు, నీళ్ళ చప్పుడు, అంతే. సైవ్ పిలవడం మానేసి మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టింది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అప్పుడు కుడి పక్కనుంచి, సన్నగా, ఎదురు తిట్టు వినిపించింది.

ఛాతీ లోతు నీళ్ళలో, నత్తల బకెట్టు నెత్తిన పెట్టుకుని నిలబడున్నాడు కొల్మాన్. పెదాలు నల్లబడ్డాయి. రెక్కలు పట్టి పైకి లాగారు. దుప్పటి చుడుతుంటే, పళ్ళు టకటకలాడుతుండగా అన్నాడు:

"ఇంతసేపా! ఎక్కడున్నానో చెప్పాను కదా."

"నువ్వు చెప్పింది నాకు, పడవేమో ఈ డబ్లిన్ ఆయనది," అంది సైవ్.