సుగుణక్క నోటుబుక్కులు

ఈ సంగతి పద్నాలుగేళ్లుగా నాలోనే ఉంది. పేరు లేకుండా రాస్తున్నాను, నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

రెండువేల ఏడులో ఒమాన్‌లోని రుస్తాఖ్‌లో నర్సుగా పనిచేసేదాన్ని. నా రూమ్‌లో ఉండే సుగుణక్క కూడా నర్సే, అమలాపురం వైపు మనిషి. డ్యూటీ అయ్యాక మంచం మీద కూర్చుని, పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి రచయిత ఒకాయన జీవితం తెలుగులో రాసేది. చట్టసభలో పేదల తరఫున మాట్లాడినవాడు. పాలకుణ్ణి ఎదిరించి, ఏళ్ల తరబడి పరాయి దీవిలో బతికినవాడు. క్షమించాం, తిరిగి రమ్మంటే రానన్నాడట. ఆ అధ్యాయం నాకు రెండుసార్లు చదివి వినిపించింది. నాలుగేళ్ల పని. మూడు లావుపాటి నోటుబుక్కులు.

మాలో ఎవరు సెలవు మీద ఊరెళ్లినా మిగతావాళ్ల సామాన్లు మోసుకెళ్లాలి. నేను వెళ్లేటప్పుడు అక్క ఆ నోటుబుక్కులిచ్చి, రాజమండ్రిలో ఒక ప్రచురణకర్తకు అందజేయమంది. మస్కట్ ఎయిర్‌పోర్టులో నా పెట్టె బరువు ఎక్కువైంది. పాలపొడి డబ్బాలు తీయాలి, లేదా దుప్పటి తీయాలి. నేను నోటుబుక్కులు తీసి బెంచీ మీద పెట్టాను. అప్పుడేమనుకున్నాను? కాగితాలే కదా అనుకున్నాను. అంతే.

తిరిగొచ్చాక అక్క టీ కలుపుతూ అడిగింది.

“ఇచ్చేవా?”

“ఇచ్చేనక్కా. చదివి కబురు చేస్తామన్నారు.”

“అట్ట మీద మా ఫ్రెంచి పెద్దాయన బొమ్మ చూసి ఏమన్నారే?”

“గడ్డం బాగుందన్నారు.”

అక్క పకపకా నవ్వింది. “అయితే ఆ పుస్తకం చిత్తు కాగితాలు పారేసెయ్యనా? మంచం కింద ఎలకలు చేరుతున్నాయి.”

“పారేసెయ్యక్కా.”

బెంచీ మీద వదిలేయడం తొందరలో చేసిన తప్పని సర్దిచెప్పుకోగలను. ఈ మాటకు ఆ సాకు లేదు. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే తిట్టేది, నాలుగు రోజులు మాట్లాడేది కాదు, తర్వాత ఆ చిత్తు ముందేసుకుని మళ్లీ మొదటినుంచి రాసేది. అది తెలియక అన్నానా? తెలిసే అన్నాను. అక్క ముందు చిన్నబోవడం ఇష్టం లేక.

రెండేళ్లు కబురు కోసం చూసింది. ఫోన్ చేస్తానంటే, తొందరపెడితే బాగోదని నేనే ఆపాను. జబ్బు చేసి ఊరెళ్లింది. మళ్లీ రాలేదు. అక్క పోయిందని తెలిసి వెళ్తే, సమాధుల తోటలో వాళ్ల తమ్ముడు, పుస్తకం ఎవరి దగ్గరుందో తెలుసా అని నన్నడిగాడు. తెలియదన్నాను.

ఆయన ఇంకా ప్రెస్సుల చుట్టూ తిరుగుతున్నాడని మొన్న విన్నాను. అందుకే రాస్తున్నాను. వెతకొద్దు. ఆ పుస్తకం ఎక్కడా లేదు. లేకుండా చేసింది నేను.

ఆయనకు పంపే ఈ ఉత్తరం కాపీ కింద మాత్రం నా పేరు రాశాను.