మగ్దలీనమ్మ రాసిన ఫలితం

1961లో నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోయి తిరిగొచ్చే గుర్రప్పందెం పెట్టినప్పుడు, టైము రాసి, ఫలితం పత్రికకు పంపే పని బడిపంతులమ్మ మగ్దలీనమ్మకు అప్పగించారు. ముందు రావడం ఒక్కటే చాలదు. అరగంట విశ్రాంతి తర్వాత గుర్రం కుంటకుండా నడిస్తేనే ఆ టైము లెక్కలోకి వస్తుంది.

పందెం పెట్టిన చెంచురామయ్య గారి అల్లుడే ముందు వచ్చాడు. అరగంట తర్వాత నడిపిస్తే అతని గుర్రం ముందుకాలు నేలకు ఆనించలేకపోయింది. పశువుల డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆమె టైము రాసి, పక్కనే 'కుంటింది, లెక్కలోకి రాదు' అని రాసింది.

"పంతులమ్మా, ఆ మాట కొట్టేయండి. పేపరుకు మా అల్లుడి పేరే పోవాల" అన్నాడు చెంచురామయ్య.

"అందరూ చూసినారు గదండీ. కొట్టేస్తే రేపు బళ్లో పిల్లకాయలకు ఏం చెప్పాల?"

"అయితే పుస్తకం ఇట్లా ఇయ్యండి."

ఆమె పుస్తకం ఇవ్వలేదు. పదకొండు నిమిషాల వెనక వచ్చిన జట్కా హజరత్తయ్య గుర్రం చక్కగా నడిచింది. అతని పేరు మొదట రాసి, డాక్టరు చేత సంతకం పెట్టించి, తిన్నగా పోస్టాఫీసుకు వెళ్లి పత్రికకు టెలిగ్రాం ఇచ్చింది.

హజరత్తయ్య పేరే అచ్చయింది. చెంచురామయ్య ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. మరుసటి పందేనికి మాత్రం, టైము ఆమె రాస్తేనే దిగుతామన్నారు రౌతులు. ఆ కబురు తెచ్చింది ఆయన అల్లుడే.